ట్రాలీలో పట్టనివి (డైరీ పుటలు)

జూన్ 9

వీడియో గేమ్ చేసేవాళ్ళకి నలభై పేజీలు ఇచ్చి వచ్చాను. ముసలమ్మ, కోడలు, మనవడు, సామాను ఎక్కించే ట్రాక్టర్ అబ్బాయి. అందరికీ మాటలు రాశాను. గోదారి యాస కూడా జాగ్రత్తగా పట్టుకున్నాను. చదివారు. బాగుంది మేడమ్ అన్నారు. మొహమాటానికి అన్నట్టు లేదు.

తర్వాత వాళ్ళ డిజైనర్ పిల్ల నెమ్మదిగా అడిగింది. "వీళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ ఆడేవాళ్ళు ఏం చేస్తుంటారు మేడమ్?"

వింటారు అన్నాను.

ఎవరూ ఏమీ అనలేదు.

బస్సులో దారంతా అదే. రేడియో నాటకాలు రాసినన్నాళ్ళూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. శ్రోత చేతులు ఏం చేస్తే మాకేం? బియ్యం ఏరుకుంటాయి, బట్టలు మడతపెడతాయి. ఇక్కడ చేతులు కథ దగ్గరికే వచ్చి కూర్చున్నాయి. వాటికి పని కావాలి. నా కథలో వాటికి పనేది?

జూన్ 12

మా అబ్బాయి కంట్రోలర్ తెచ్చి చేతిలో పెట్టాడు. "ఆడకుండా ఎలా రాస్తావమ్మా?" నిజమే. సినిమా చూడనివాడు సినిమా రాస్తానంటే నేను ఊరుకుంటానా?

బ్రదర్స్ అనే ఆట. 2013 నాటిది. జబ్బుపడ్డ తండ్రి కోసం ప్రాణం పోసే నీళ్ళు తేవడానికి అన్నదమ్ములిద్దరు బయల్దేరతారు. చందమామలో చదివిన కథే అనిపించింది. ఎక్కడా లేని భాషలో ఏదో అనుకుంటారు, ఒక్క ముక్క అర్థం కాదు, అవసరమూ పడదు. ఎడమ బొటనవేలి కింద అన్న, కుడి బొటనవేలి కింద తమ్ముడు. ఇద్దర్నీ ఒకేసారి నడపాలి. అన్నను మలుపు తిప్పేలోగా తమ్ముడు గోడకు గుద్దుకుంటాడు.

తమ్ముడికి నీళ్ళంటే భయం. తల్లి నీళ్ళలో పోయింది. ఏరు అడ్డం వస్తే అన్న వీపు పట్టుకుంటాడు. కుడి బటన్ నొక్కి ఉంచితేనే ఆ పట్టు. వదిలితే?

వదలలేదు.

పన్నెండయింది. వేళ్ళు నొప్పి.

జూన్ 14

అన్న చనిపోయాడు.

ఎడమచేతికి పని లేకుండా పోయింది. ఇలా ఉంటుందని ఊహించలేదు. శవాన్ని గోతిలోకి లాగింది నేనే, మట్టి కప్పింది నేనే. అంతా కుడిచేత్తోనే. ఎడమ బొటనవేలు మాత్రం తన చోట తను అలాగే ఉంది. తీసెయ్యాలని ఎందుకో అనిపించలేదు.

ఇంటికి చేరేముందు నీళ్ళు. దాటాలి. తమ్ముడు ఒడ్డున నిలబడిపోయాడు. కుడి బటన్ నొక్కాను. కదలడు. మళ్ళీ నొక్కాను. ఊహూఁ. వీడు పక్కనే కూర్చుని కూడా నోరు విప్పలేదు. ఎంతసేపు అలా ఉన్నానో. ఎడమవేలు దానంతటది నొక్కింది. అన్న బటన్.

వాడు ఈదాడు.

కంట్రోలర్ అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. వీడు రాలేదు వెనకాల. మంచిపని చేశాడు.

జూన్ 15

ఆ ఆట చేసినాయన జోసెఫ్ ఫారెస్. అంతకుముందు స్వీడన్‌లో సినిమాలు తీసేవాడట.

మరి దీన్ని సినిమాగా ఎందుకు తియ్యలేదు? తీస్తే ఆ చోట ఒక ఫ్లాష్‌బ్యాక్ పడేది. వయొలిన్ మోగేది. తమ్ముడు ధైర్యం తెచ్చుకున్నాడని మనం చూసేవాళ్ళం, ఏడ్చేవాళ్ళం కూడా. నిన్న నేను చూడలేదు. నా వేలికి తెలిసింది, తర్వాత నాకు తెలిసింది.

స్క్రిప్టులో అక్కడ ఏమని రాసి ఉంటాడు? "ఎడమ బటన్ నొక్కితే ఈదుతాడు." అంతేనా?

జూన్ 22

పేపర్స్, ప్లీజ్. లూకస్ పోప్ అని ఒక్కడే కూర్చుని చేసిన ఆట. ఆర్‌స్టాట్‌స్కా అనే లేని దేశం, 1982, సరిహద్దు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. పాస్‌పోర్టు చూడు, తేదీ చూడు, ముద్ర వెయ్యి. మనిషికి 5 క్రెడిట్లు. సాయంత్రానికి అద్దె, తిండి, చలిమంట ఖర్చు, మందులు. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు.

ఒకాయన కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ, నా వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయచూడండి అన్నాడు. ఆవిడకు ప్రవేశ పత్రం లేదు. పంపించేశాను. తప్పు చేశావని చీటీ అచ్చయి వచ్చింది. హెచ్చరిక మాత్రమే. గర్వంగా అనిపించింది.

తర్వాత ఇంకో రోజు ఇంకెవరో బతిమాలారు. అప్పటికి హెచ్చరికల వాటా అయిపోయింది. మళ్ళీ తప్పయితే జీతంలో కోత. కొడుక్కి ఒంట్లో బాగాలేదు. ఎర్ర ముద్ర వేశాను. మొహం వైపు చూడకుండా తేదీలే చూశాను.

ఆట నన్నేమీ అనలేదు. తర్వాతి మనిషిని పిలవమంది.

ఇన్నేళ్ళుగా ఇదే కదా నేను కథల్లో రాయాలని చూస్తున్నది. గుమస్తా ఎలా రాయిగా మారతాడు అని. పాత్రను పెట్టి, ఇల్లు పెట్టి, పేదరికం పెట్టి, పదిహేను పేజీలు. ఇక్కడ నాకు ఒక ముద్ర, ఒక వరుస, సాయంత్రానికి ఒక లెక్క ఇచ్చారు. ఆ గుమస్తాను నేనే అయ్యాను.

నిద్ర పట్టలేదు.

జూన్ 25

పాత నోటుపుస్తకం తీశాను. గోకవరం దగ్గర కాలనీకి వెళ్ళినప్పటి రాతలు. దేవీపట్నం వైపు ఊళ్ళవాళ్ళు. పోలవరం కాఫర్ డ్యామ్ వెనక నీళ్ళు ఎక్కుతుంటే ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళు. ఆ ముసలమ్మ చాలాసేపు మాట్లాడింది. పట్టాలు, పరిహారం, మేకలు, చింతచెట్టు. నా నలభై పేజీలూ అందులోంచే.

మధ్యలో ఒక వాక్యం ఉంది. కింద గీత కూడా గీసుకోలేదు.

"బయల్దేరే ముందు ఇల్లంతా ఊడ్చాను. ముగ్గు కూడా ఏసొచ్చాను."

మునిగిపోయే ఇల్లు.

ఎందుకమ్మా అని నేను అడిగినట్టు లేదు. అడిగితే ఏం చెప్పేది?

జూలై 1

ఇవాళ గొడవ. గొడవంటే గొడవ కాదు, గొంతులు కొంచెం లేచాయి.

మా ఆటలో ట్రాలీ చిన్నది, అన్నీ పట్టవు, ఏవి ఎక్కించాలో ఆడేవాళ్ళే ఎంచుకోవాలి. అంతవరకూ అందరికీ ఇష్టమే. ఒక అబ్బాయి ప్రతి వస్తువుకీ పాయింట్లు పెట్టాడు. బీరువాకి ఇన్ని, ఇత్తడి బిందెకి ఇన్ని, దేవుడి పటానికి ఇన్ని. చివర్లో మొత్తం. ఆడేవాళ్ళకి ఏదో ఒకటి సాధించినట్టుండాలి మేడమ్ అంటాడు.

కథేమో ఆ ఇంట్లో దేనికీ వెల కట్టలేమంటోంది. చేతులేమో లెక్క నేర్చుకుంటున్నాయి. ఆడేవాళ్ళు ఏది నమ్ముతారు? నోటితో చెప్పిందా, చేత్తో చేయించిందా?

దీనికి వాళ్ళ దగ్గర పేరుంది. లూడోనరేటివ్ డిసోనెన్స్. 2007లో క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ బయోషాక్ ఆట మీద రాస్తూ పెట్టిన పేరు. ఆడే తీరు నీ స్వార్థం నువ్వు చూసుకోమంటుంది, కథ మాత్రం ఇంకొకడికి సాయం చెయ్యమంటుంది, ఆ సాయం వద్దనే వీలు కూడా ఉండదు. రెండూ ఒకదాన్నొకటి అబద్ధం చేస్తాయి. ఆయన ఫిర్యాదు అది. పేరు నోరు తిరగదు గానీ జబ్బు మాత్రం నాకు బాగా తెలుసు. వరకట్నం తప్పంటూ పెళ్ళి నగలనే కెమెరాతో తడిమే సీరియల్స్‌లో ఉన్నది ఇదే.

పాయింట్లు తీసెయ్యాలన్నాను. ఆలోచిద్దాం అన్నారు.

జూలై 5

అమ్మమ్మ కథ చెప్తే ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగేది. బుర్రకథలో వంతలు తందాన అందుకోకపోతే కథకుడు మాత్రం ఎలా సాగుతాడు?

ఆటలో బటన్ కూడా అంతేనా? చాలావాటిలో అంతే. తెర మీద ఒక మాట, నొక్కు. ఇంకో మాట, నొక్కు. ఊఁ. ఊఁ. నా నలభై పేజీలకీ వాళ్ళు కొట్టబోయింది అదే.

కానీ ఆ నీళ్ళ ఒడ్డున నేను నొక్కింది ఊఁ కాదు. కథలో ఒక వాక్యం నా దగ్గర ఉంది. నేను చెప్పేదాకా అమ్మమ్మ ఆగింది.

జూలై 10

మళ్ళీ లూకస్ పోప్. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్, 2018. రెండే రంగులు, పాత అచ్చుబొమ్మల్లా. 1802లో లండన్ నుంచి బయల్దేరిన ఓడ 1807లో మనుషుల్లేకుండా ఫాల్మత్ రేవుకు కొట్టుకొస్తుంది. నేను ఈస్టిండియా కంపెనీ తరఫున లెక్క రాయడానికి వచ్చిన మనిషిని. 60 మంది. ఎవరు ఎవరు, ఎలా పోయారు. ఒక గడియారం ఉంటుంది. ఎముకల దగ్గర దాన్ని తెరిస్తే ఆ మనిషి చచ్చిపోయిన క్షణం గడ్డకట్టి కనిపిస్తుంది. చుట్టూ తిరిగి చూడొచ్చు. ఎవరినీ కాపాడలేం.

పేర్లు దాదాపు ఎవరూ చెప్పరు. ఉయ్యాల పడకల మీది అంకెలు, యాస, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు, ఎవరి కాళ్ళకు ఏ చెప్పులు. ఇంతే ఆధారం. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తే తప్ప ఆట ఔననదు. సిబ్బందిలో మనవాళ్ళు కూడా ఉన్నారు. లస్కర్లు. చరిత్ర పుస్తకాల్లో ఎప్పుడూ గుంపుగానే కనపడ్డవాళ్ళు. ఇక్కడ ఒక్కొక్కడి మొహం దగ్గరా ఆగి, ఇతనెవరు అని అడగాల్సి వచ్చింది.

నేనే కనుక్కున్న పేరు మర్చిపోలేను. ఎవరో చెప్పి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

మన ముసలమ్మ ఇంట్లో ఎవరెవరు ఉండేవారో మనం చెప్పకూడదు. గోడకు మేకులుంటాయి. దూలానికి ఉయ్యాల తాడు ఒరిపిడి ఉంటుంది. చాలు.

జూలై 17

వీడికి ఉద్యోగం వచ్చింది. పుణె. సంతోషంగా ఉన్నావా నాన్నా అంటే ఆఁ అన్నాడు.

రాత్రి వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్. ఒక వంశంలో ఒక్కొక్కరి చావు, ఒక్కొక్కటీ ఒక్కో ఆట. అందులో లూయిస్ అనే కుర్రాడిది చేపల ఫ్యాక్టరీలో పని. కుడిచేత్తో చేపను లాగు, కత్తి కిందికి తొయ్యి, విసురు. మళ్ళీ చేప. అది చేస్తూండగానే ఎడమచేత్తో వాడి ఊహలో రాజ్యం తిరగాలి. ముందు చిన్న మూలలో ఉంటుంది. మెల్లగా తెరంతా అదే అయిపోతుంది. కుడిచెయ్యి మాత్రం చేపలు తెగ్గొడుతూనే ఉంటుంది. కాసేపటికి అది పనని కూడా గుర్తులేదు నాకు.

విసుగు గురించి ఎన్ని చదివాను. విసుగులో రెండు చేతులూ రెండు లోకాల్లో ఉంటాయని తెలియలేదు.

ఇది వీడు ముందే ఆడాడు. నాకెందుకు ఇవాళే ఇచ్చాడు?

జూలై 23

భద్రాచలం దగ్గర గోదారి 48 అడుగులు దాటింది. రెండో హెచ్చరిక. టీవీలో అవే గట్లు, అవే పడవలు. ఫోన్ చేశాను కాలనీకి. ముసలమ్మ ఊళ్ళో లేదు, కూతురి దగ్గరికి వెళ్ళిందట.

ఆట ముట్టుకోలేదు ఇవాళ.

జూలై 29

డిస్కో ఎలీసియం. 2019. మాటలు తక్కువైతేనే మంచిదని ఎక్కడో నాలో గట్టిపడుతున్న నమ్మకాన్ని ఇది పడగొట్టింది. దీనిలో పది లక్షల మాటలట. ఒక తాగుబోతు డిటెక్టివ్, గతం గుర్తులేదు. అతని తలలో 24 గుణాలు, ఒక్కొక్కటీ ఒక గొంతు. తర్కం ఒకటి చెప్తుంది, భయం ఒకటి, అహం ఒకటి. నేను ఎవరి మాట వింటే వాడే నేను. పాచికలు పడాలి. పడకపోయినా కథ ఆగదు, ఇంకో సందులోంచి వెళ్తుంది, ఒక్కోసారి ఇంకా గొప్పగా.

అంటే లెక్క మాటలు ఎన్ని అన్నది కాదేమో. ఇక్కడ మాట ఎంచుకోవడమే పని. నోరే చెయ్యి.

నాకు చాలా ఊరట కలిగింది. రచయితను కదా.

మరి మన ఆటలో ముసలమ్మకి ఏం మాటలు ఉండాలి? అసలు ఆమె ఎవరితో మాట్లాడుతుంది? మనుషులతో కాదు. బహుశా గేదెతో.

ఆగస్టు 4

వీడు పుణె వెళ్ళాడు. బ్యాగులో పట్టలేదని గోంగూర సీసా వదిలేశాడు. కంట్రోలర్ కూడా. అది నాకేనట.

వెన్బా ఆడాను. 2023. కెనడాకి వెళ్ళిన తమిళ కుటుంబం. తల్లి వంటల పుస్తకం చిరిగిపోయి, అక్కడక్కడా అక్షరాలు పోయి ఉంటుంది. ఇడ్లీతో మొదలు. పోయిన ముక్క మనం పూరించాలి. ఇంత చిన్న పని! ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే చేస్తున్నదాన్ని, అయినా ఆ రేకులు పేర్చేటప్పుడు ఆగాను. అమ్మ ఏం చెప్పి ఉంటుంది అని. తర్వాత తర్వాత వంట కొడుకు చేతికి వస్తుంది.

కొడుకు మొదటిసారి ఆ వంటగదిలో నిలబడ్డప్పుడు నాకు ఎలా ఉందో రాయలేను ఇప్పుడు.

వలస గురించి వాళ్ళు ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక ముక్క చింపి, పూరించమన్నారు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆఫీసులో ఉండి ఉంటాడు.

ఆగస్టు 11

షాడో ఆఫ్ ది కొలోసస్. 2005. ఫుమితో ఉయెదా. చనిపోయిన పిల్లను బతికించుకోవడానికి ఒక కుర్రాడు 16 మహాకాయుల్ని చంపాలి. ఒక్కొక్కటీ కొండంత. వాటి ఒంటి జుట్టు పట్టుకుని ఎక్కాలి. పట్టు అంటే ఒక బటన్ నొక్కి ఉంచడం. వదిలితే పడతాం. పట్టు ఎంతసేపు నిలుస్తుందో చూపే గుండ్రటి గుర్తు తరిగిపోతూ ఉంటుంది.

మొదటిది కూలినప్పుడు గెలిచాననిపించలేదు. సంగీతం కూడా గెలిచినట్టు లేదు. తప్పు చేస్తున్నామా? కానీ ఆడుతూనే ఉన్నాను. ఎందుకాడాను? ఆపడానికి కంట్రోలర్ కింద పెడితే చాలు కదా.

చివర వాణ్ణి వెలుగు లోపలికి లాగేస్తుంటుంది. అప్పుడు కూడా పట్టు బటన్ పనిచేస్తుంది. మెట్లు పట్టుకోవచ్చు, గిలగిల్లాడొచ్చు. ఫలితం మారదు. నేను చాలాసేపు పట్టుకున్నాను.

ఫలితం మారనప్పుడు కూడా చెయ్యనివ్వడం. దీని గురించి పొద్దున్న వాళ్ళతో మాట్లాడాలి. రోలు. మన ఆటలో రోలు ఎత్తడానికి ప్రయత్నించనివ్వాలి. రాదు అని అక్షరాల్లో చూపించొద్దు. నొక్కి పట్టుకున్నంతసేపూ కొంచెం కదలాలి, కంట్రోలర్ వణకాలి. అంతే.

ఆగస్టు 18

ఒప్పుకున్నారు. పాయింట్లు పోయాయి. పెట్టిన అబ్బాయే తీసేశాడు, వేరే చోట ఆడించి చూశాడట. ఎవరో పిల్లవాడు దేవుడి పటం కంటే బీరువా లాభమని పటం కింద పడేశాడట.

చీపురు సంగతి చెప్పాను. ట్రాలీ నిండాక, ట్రాక్టర్ హారన్ కొడుతున్నప్పుడు, ఖాళీ గదిలో మూలన చీపురు ఉంటుంది. తీసుకోమని చెప్పం. బాణం గుర్తు పెట్టం. వెళ్ళిపోవచ్చు. ఊడ్చాలంటే ఊడ్చవచ్చు. ఊడిస్తే ఏమవుతుంది మేడమ్ అని అడిగింది డిజైనర్ పిల్ల.

ఇల్లు శుభ్రమవుతుంది.

చాలాసేపు ఆలోచించి, సరే అంది. ఆ "సరే" నాకు నచ్చింది.

కోడలి మాటలన్నీ తీసేశాను. ట్రాక్టర్ అబ్బాయికి హారన్ చాలు. ముసలమ్మకు గేదెతో అనే నాలుగు మాటలు మిగిలాయి. వాటి కోసం వారం పట్టింది.

ఆగస్టు 26

బయటివాళ్ళతో మొదటిసారి ఆడించారు. వెనక నిలబడి చూడాలి, నోరెత్తకూడదు.

ఒక అమ్మాయి చీపురు చూడనే లేదు. హారన్ వినగానే వెళ్ళిపోయింది. బాగుందంది. ఇంకో అబ్బాయి చీపురు పట్టుకుని విసిరి చూశాడు, ఎటు ఎగురుతుందోనని. ఒకాయన, కాస్త పెద్దాయనే, గది మొత్తం ఊడ్చాడు. గడప దాకా వచ్చాడు. అక్కడ ఆగి మా వైపు తిరిగి, ముగ్గు ఎక్కడుందండీ అన్నాడు.

మేం ముగ్గు పెట్టలేదు.

నేను కూడా మాట్లాడలేకపోయాను కాసేపు. ఆయనకు ఆ ముసలమ్మ ఎవరో తెలియదు. ఆ వాక్యం నా నోటుపుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

ఊడ్చినవాళ్ళకు ఒక ట్రోఫీ ఇద్దామని ఎవరో అన్నారు. వద్దన్నాను, గట్టిగా. ట్రోఫీ వస్తుందని తెలిస్తే రేపటినుంచి అందరూ ఊడుస్తారు. ట్రోఫీ కోసం.

ఆగస్టు 30

ముగ్గు పెడుతున్నారు. చుక్కలు కలిపే పద్ధతి మీద వాదన. నేను నాలుగు చుక్కలే అంటున్నాను. పెద్ద ముగ్గయితే అది పండగవుతుంది.

సౌండ్ చేసే అబ్బాయి ఫోన్ చేశాడు. ఏ చీపురండీ అని. నాకు తోచనే లేదు. వాకిలికయితే కొబ్బరి ఈనెల చీపురు, బరబరమంటుంది. లోపలికి కొండచీపురు, అసలు చప్పుడే ఉండదు. అలికిన నేల మీద అయితే ఇంకా తక్కువ. ఆటలో వినపడాలి కదా అంటాడు. వినపడకపోతే ఊడుస్తున్నట్టు చేతికి తెలియదట. ఈనెల చీపురు పెట్టేద్దామా?

లోపలి గదిలో ఈనెల చీపురు వాడతారా ఆ వైపు? ముసలమ్మ కూతురి దగ్గర్నుంచి వచ్చిందేమో. రేపు అడగాలి. ఎందుకు ఊడ్చావని మాత్రం అడగను.